మిద్దె మీది పిలుపు

కిషన్‌బాగ్‌లో గోడ కూలి ఒక కుటుంబం దాని కింద పడిపోయిందన్న వార్త మా గడపలోకి మొదట తెచ్చింది గాజుల పెద్దమ్మ. మావారి కచేరీలో ఆ మాట పుట్టకముందే, పత్రికలో పడకముందే ఆమె నోట విన్నాం. మాదన్నపేట గల్లీలకు అప్పట్లో వార్తలన్నీ ఆమె గాజుల బుట్టతోపాటే వచ్చేవి. ఆ రోజు మాత్రం ఆమె బుట్ట దించలేదు. నెత్తిన గోనెసంచి కప్పుకుని వసారాలో నిలబడి, చీర కుచ్చెళ్లలోని నీళ్లు పిండుకుంటూ చెప్పింది. చెప్పడం అయ్యాక నావైపు తిరిగి, "వాన గిట్లనే కొడితే పాత గోడలన్నీ ఒరుగుతయి బిడ్డా. పసిపిల్లతోని ఉన్నవు, పైలం" అన్నది.

నా చూపు వెంటనే వెనక అర్రవైపు పోయింది. అక్కడ తొట్టెలలో నా బిడ్డ నిద్రపోతోంది. ఆ అర్ర వెనక ఒక గోడ ఉండేది. అది మా ఇంటి గోడ కాదు. ఎప్పుడో ఎవరిదో పెద్ద దేవిడీ, మహలంత భవంతి, ఉండేదట. అది పడిపోయి, దాని వెనక గోడ ఒక్కటే మిగిలింది. మా ఇల్లు కట్టినవాళ్లు ఆ గోడకే దూలాలు ఆనించి అర్ర వేసుకున్నారు. ఇంట్లోనుంచి చూస్తే మాకు కనిపించేది సున్నం వేసిన కింది భాగమే. అర్ర కప్పుకు పైన అది ఇంకా అంత ఎత్తు లేచి ఉండేది. ఆ పైభాగం మా మిద్దె మీద నిలబడినా సరిగ్గా కనపడదు.

మా అత్తమ్మ నవ్వింది. "అది నవాబుల నాటి డంగుసున్నం గోడ. ఏనుగు రాసుకున్నా రాలదు. నీ బుట్టల గాజుల కన్నా భయాలే ఎక్కువున్నయి."

"భయాలకు నేను పైసలు తీసుకుంటలేను గద, దొరసానీ" అని పెద్దమ్మ గోనెసంచి సర్దుకుని వానలోకి దిగిపోయింది.

తొట్టెల ముందర అర్రలోకి మారుస్తానని నేను అడిగాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. ఆమెది మొండితనమని ఎవరూ అనుకోవద్దు. ముందర అర్ర కప్పు కారుతోంది. గిన్నెలు, తాంబాళాలు, చివరికి దేవుడి దగ్గరి పళ్లెం కూడా నీటిబొట్ల కింద పెట్టాం. పొడిగా ఉన్నది వెనక అర్ర ఒక్కటే. అక్కడ కుంపటి పెట్టి వెచ్చగా ఉంచింది ఆమె. అంతకుముందు నాకు పుట్టిన బిడ్డ ఇలాంటి వానాకాలంలోనే దగ్గు పట్టి దక్కకుండా పోయింది. ఈ పిల్లకూ అప్పుడే దగ్గు మొదలైంది. చలికి భయపడాలా, గోడకు భయపడాలా అంటే, చలి ఏం చేస్తుందో మేం ఒకసారి చూసి ఉన్నాం. గోడ ఏం చేస్తుందో చూడలేదు. నేను తొట్టెలను కుంపటి దగ్గరికి ఇంకాస్త జరిపి, మనసులో దేవుడికి అప్పగించి ఊరుకున్నాను.

అవి యుద్ధపు రోజులు. సముద్రాల అవతల ఊళ్ల మీద బాంబులు పడుతున్నాయని రోజూ వినేవాళ్లం. మావారు కిటికీల అద్దాలకు నల్లకాగితం అంటించారు. సాయంత్రం కాగానే దీపం వెలుగు బయటికి పోకుండా దర్వాజకు కంబళి వేలాడదీసేవారు. ఆ పని ఎంత శ్రద్ధగా చేసేవారంటే, కాగితం అంచు లేచిందేమోనని భోజనం మధ్యలో లేచి వెళ్లి చూసేవారు. గల్లీలో మగవాళ్లు అరుగుల మీద కూర్చుని, విమానాలు వస్తే ఎటునుంచి వస్తాయని వాదించుకునేవారు. ఎదురింటి దర్జీ మిషను ఆపి, "మన గల్లీకి తోవ తప్పకుండ పోస్టు మనిషే రాలేడు భాయ్, విమానమేడికెల్లి వస్తది" అంటే, అందరూ నవ్వి మళ్లీ అదే మాట మొదటినుంచి ఎత్తుకునేవారు.

బడికి పోయిన దాన్ని కాదు నేను. మా బాపు పూజ అయ్యాక దేవుడి అర్ర గడప మీద కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించాడు. ఈనాడు ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆయన పుణ్యమే. మావారు చదివి పడేసిన పత్రిక నేను అన్నం వార్చుకుంటూ చదివేదాన్ని. రాజ్యాల సంగతి ఆడవాళ్లకెందుకనేవాళ్లు. కానీ నాకూ అభిప్రాయాలు ఉండేవి. విమానం కన్నా ముందు మా గల్లీ మురికికాలువ మమ్మల్ని చంపుతుందని ఒకసారి మావారితో అన్నాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు మునసిపాలిటీల ఉండవలసింది" అని నవ్వారు. ఆ ఏడాది మేమందరం తలెత్తి ఆకాశాన్నే చూశామని ఇప్పుడు తోస్తుంది.

ఆకాశాన్ని చూడవలసిన పని నిజంగా ఉన్నవాడు మా పక్కింట్లో ఒక్కడే. ఆయనకు పావురాల షౌక్, వాటిని పెంచి ఎగరేసే పిచ్చి. ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం గోదాములో తూకం దగ్గర పని. సాయంత్రం ఇంటికి రాగానే నీళ్లు కూడా తాగకుండా మిద్దె ఎక్కేవాడు. ఆ మిద్దె మా మిద్దెకన్నా మనిషెత్తు ఎక్కువ. దాని మీద వెదురుబద్దల ఛత్రీ ఒకటి, గొడుగు తిరగేసినట్టు ఉండేది, పావురాలు వచ్చి వాలడానికి. ఆయన గుడ్డముక్క కట్టిన కట్టె ఆడిస్తే గుంపంతా లేచేది. ఈల వేస్తే తిరిగేది. దిగమన్నప్పుడు గొంతు తగ్గించి "ఆవ్, ఆవ్" అనేవాడు, పసిపిల్లను పిలిచినట్టు. ఆ గొంతు, ఆ ఈల మాకు బాగా తెలుసు. ఆయన ముఖం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

చూడకపోవడానికి కారణం పట్నంలో అప్పుడు ఉన్న ఒక పద్ధతి. మగమనిషి ఎవరైనా మిద్దె ఎక్కేముందు, మెట్ల మీదనుంచే కేక వెయ్యాలి. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు ఆ కేక విని లోపలికి వెళ్లిపోతారు. పతంగులు ఎగరేసే పిల్లగాళ్లు, కప్పు బాగుచేసే మేస్త్రీలు, అందరూ వేసేవారు. కొందరు కేక సగంలో ఉండగానే పైన ప్రత్యక్షమయ్యేవారు. పక్కింటాయన అలా కాదు. "పర్దా మా, పర్దా! ఛత్ పో ఆరౌం!" అని, అంటే మరుగుకు పొండమ్మా మిద్దె మీదికొస్తున్నానని, గట్టిగా అరిచి, మేం బట్టలో వడియాలో సర్దుకుని దిగేదాకా మెట్ల మీదే ఆగేవాడు. మేం బురఖా వేసేవాళ్లం కాదు. అయినా ఆ కేక వినగానే కొంగు నెత్తిమీదికి లాక్కుని దిగిపోయేదాన్ని. అందులో నాకెప్పుడూ చిన్నతనం అనిపించలేదు. ఒక మనిషి నాకోసం మెట్ల మీద ఆగుతున్నాడన్న మర్యాదే అనిపించేది.

ఆయన అక్కను మేం ఆపా అని పిలిచేవాళ్లం. భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉండేది. రెండు ఇళ్ల మధ్య గోడలో చిన్న కిటికీ. దాంట్లోనుంచి కూరలు, కబుర్లు అటూ ఇటూ నడిచేవి. నాకు పూసల అల్లిక నేర్పింది ఆమే. తలుపులకు చిలకల తోరణాలు అల్లేవాళ్లం ఇద్దరం, కిటికీకి చెరోవైపు కూర్చుని. గింజలకు కటకటగా ఉన్న ఆ రోజుల్లో మా అత్తమ్మ ఒకసారి ఆ కిటికీ దగ్గరే, వినపడాలనే, "మనుషులకే జొన్నలు లేవంటే పిట్టలకు పోస్తుండు మహారాజు" అన్నది. ఆపా నొచ్చుకోలేదు. "గోదాము నేల ఊడిస్తే వచ్చే మట్టిజొన్నలు అక్కా అవి. మీకు పంపమంటవా, ఏరుకుంటరా" అన్నది.  ఆ రాత్రి అత్తమ్మ నాతో, దాని నాలుక కత్తెర అని మెచ్చుకున్నట్టే చెప్పింది.

గాజుల పెద్దమ్మ వచ్చి వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇచ్చింది. ఆరని బట్టల గుట్ట పట్టుకుని నేను మిద్దె ఎక్కాను. ఆకాశం బూడిదరంగులో ఉంది. పక్క మిద్దె మీది పావురాలు అప్పటికే పైన తిరుగుతున్నాయి; గోదాముకు నీళ్లు రావడంతో ఆయన పెందలాడే ఇంటికి వచ్చి, వాటిని ఎగరేసి, గింజల కోసం కిందికి దిగాడని తర్వాత తెలిసింది. దండెం మీద మొదటి బట్ట వేశానో లేదో, కేక వినపడింది.

"పర్దా మా, పర్దా!"

అలవాటుగా దిగిపోయాను. అత్తమ్మ వసారాలో వత్తులు చేసుకుంటోంది. మళ్లీ కేక. ఈసారి గొంతు వేరుగా ఉంది, బొంగురుగా, తొందరగా. నేను దిగింది ఆయన చూడలేదేమో అనుకున్నాను. అత్తమ్మ మెట్ల దర్వాజ దగ్గరగా వేసి, "ఏంది ఇయ్యాల గింత లొల్లి? పోయినం గద" అని గొణిగింది. మూడోసారి వినపడ్డ పిలుపు ఏడుపులా ఉంది. అదే మాట. పర్దా, పర్దా. మగమనిషి ఎందుకో నిగ్రహం తప్పి ఉన్నాడు, మనం కంటపడకూడదని, ఇంకా లోపలికి పోవడమే మర్యాద అని ఇద్దరం వసారా కూడా వదిలి వెనక అర్రలోకి వెళ్లాం. బిడ్డ నిద్రపోతోంది. కుంపటిలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. నేను తొట్టెల తాడు పట్టుకుని నిలబడ్డాను.

మా మిద్దె మీద ఎవరో దూకిన చప్పుడైంది.

ఆ తర్వాత అన్నీ ఒకదానిమీద ఒకటి జరిగాయి. కానీ నాకు అవి ఇప్పటికీ నెమ్మదిగా, ఒక్కొక్కటే కనపడతాయి. మెట్ల దర్వాజ తెరుచుకుంది. అడుగులు వసారా దాటాయి. వెనక అర్ర గడపలో ఒక మనిషి. భుజం మీది రుమాలును నెత్తిమీదినుంచి కళ్ల కిందిదాకా లాక్కున్నాడు, మమ్మల్ని చూడకుండా. కింది నేల ఒక్కటే కనపడేంత సందు ఉంచుకున్నాడు. నెరిసిన గడ్డం, తడిసి ఒంటికి అంటుకున్న కమీజు, మోచేతి దగ్గర అంటుకున్న చిన్న ఈక నాకు కనిపించాయి.

"అమ్మా, బయటికి. గోడొస్తున్నది" అన్నాడు.

వంగి, తడుముకుంటూ తొట్టెలలోంచి బిడ్డను తీసి చేతులు ముందుకు చాపాడు. నేను అందుకుని వసారా దాటి, గల్లీలోకి, వానలోకి ఉరికాను. నెత్తిన కొంగు లేదని కూడా తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే అత్తమ్మ రాలేదు.

ఆమె ఎందుకు రాలేదో తర్వాత తానే చెప్పింది. పరాయి మగవాడు గడపలో నిలబడి ఉంటే, అతన్ని దాటి రావడానికి ఆమెకు కాళ్లు రాలేదట. కొంగు ముఖం మీదికి లాక్కుని, పుట్టినప్పటినుంచీ చేసిన పనే చేసిందట. ఇంకా మూలకు జరిగిందట. ఆ మూల గోడ పక్కనే. ఆయన గడప తప్పుకుని పక్కకు నిలబడి, రమ్మని రెండుసార్లు అన్నాడట. పైన దూలం పలికిందట. అప్పుడాయన, "మా తల్లీ, నన్ను మాఫ్ చెయ్యి" అని, ఆమె రెక్క పట్టుకుని లాగి గడప అవతలికి తోశాడట.

ఆమె వసారాలో పడింది. అర్ర పోయింది. నేను విన్నది పెద్ద చప్పుడు కూడా కాదు. బరువైన గోనెలు ఒకటి తర్వాత ఒకటి దించినట్టు వినపడింది. తర్వాత గల్లీ నిండా పాత సున్నం వాసన.

దర్జీ మిషను వదిలి వచ్చాడు. గల్లీలో ఉన్న మగవాళ్లంతా వచ్చారు. ఎవరు ఎవరన్నది చూడకుండా చేతులతోనే మట్టి తవ్వారు. ఆయన్ను బయటికి తీసి మంచం మీద పడుకోబెట్టినప్పుడు ప్రాణం ఉంది. ముఖం మీద రుమాలు అలాగే ఉంది. తీయబోతే, ఆడవాళ్లున్నారని చేత్తో ఆపాడని దర్జీ తర్వాత చెప్పి ఏడ్చాడు. బిడ్డ బతికిందా అని అడిగాడట. బతికిందన్నారు. పావురాలు దిగాయా అని అడిగాడట. ఎవరికీ తెలియదు. అందరూ తలెత్తి చూశారు. అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, వానలో, దిగమనేవాళ్లు లేక.

ఆపా తన ఇంటి మెట్లెక్కింది. ఆమె గొంతు గల్లీలో మగవాళ్లెవరూ ఎన్నడూ విన్నది కాదు.  పైనుంచి, తమ్ముడిలాగే గొంతు తగ్గించి "ఆవ్, ఆవ్" అన్నది. కింద మట్టిలో నిలబడ్డ మగవాళ్లు ఎవరూ చెప్పకుండానే తలలు వంచుకున్నారు. పక్షులన్నీ దిగేదాకా ఒక్కరూ తల ఎత్తలేదు. అప్పుడు మంచం ఎత్తి దవాఖానాకు తీసుకుపోయారు.

మావారు వెంట వెళ్లారు. తెల్లవారి వచ్చి, జోళ్లు విప్పకుండా వసారాలో కూర్చున్నారు.  కిటికీ అవతలినుంచి ఆపా ఏడుపు మొదలయ్యింది.

ఆయన పోయిన నలభయ్యోనాటి ఫాతిహా ప్రార్థన అయ్యాక అత్తమ్మ నన్ను తీసుకుని ఆ ఇంటికి వెళ్లింది. కిటికీలోనుంచి కాదు, వీధి దర్వాజలోంచి. అన్నాళ్లూ నన్ను ఒక సందేహం తింటోంది. ఆయనకు పైనుంచి గోడ పైభాగం పగిలి ముందుకు ఒరగడం కనపడింది, సరే. మరి గోడ అనో, బయటికి రండి అనో ఎందుకు అనలేదు? పర్దా అంటే మేం లోపలికే పోతామని ఆయనకు తెలియదా? ఇది ఆపాను అడగరాదని నాకు తెలుసు. అడిగింది అత్తమ్మ. మెల్లగా, తల వంచుకుని అడిగింది.

ఆపా చాలాసేపు చేతిలోని జపమాల తిప్పింది. "గన్నేండ్లల్ల మీ దిక్కు వాడు ఆ ఒక్క మాట తప్ప ఇంకోటి అనలేదు అక్కా" అన్నది. "మీకు చెప్పాలంటే వాని నోట్లె ఇంకో మాట లేకుండె. మాట వస్తలేదు, వస్తలేదు అనుకుంట, అదే అరుసుకుంట ఉరికిండు."

అత్తమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. 

పావురాలను ఆపా కిషన్‌బాగ్‌లో ఒక షౌకీన్‌కు ఇచ్చేసింది. కొన్ని ఎగిరి తిరిగి వచ్చాయి. ఖాళీ ఛత్రీ మీద వాలి, పొద్దు గుంకేదాకా మెట్లవైపు చూస్తూ కూర్చునేవి. మా అత్తమ్మ తాను బతికినన్నాళ్లూ పిట్టగోడ మీద జొన్నలు పోసింది. మంచివే, ఏరినవే.

వెనక అర్ర మళ్లీ కట్టలేదు. ఆ చోటు చదును చేసి తులసికోట పెట్టాం. ఆ ఇంట్లోనే నా తర్వాతి సంవత్సరాలన్నీ గడిచాయి. యుద్ధం ముగిసింది, కిటికీల నల్లకాగితం గీకేశాం, పట్నం మీదికి వేరే భయాలు వచ్చాయి, అవీ పోయాయి. మిద్దెలెక్కేవాళ్లు కేకలు వేయడం క్రమంగా మానేశారు. నా చెవులు మాత్రం మానలేదు. వాన పట్టిన సాయంత్రం మిద్దె మీద ఉంటే, నా కాళ్లు వాటంతటవే మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోతాయి. ఎవరో అటువైపు మెట్ల మీద నేను తప్పుకోవడానికి ఆగి ఉన్నట్టుంటుంది. దిగాలో, బయటికి ఉరకాలో తెలియక కొంగు నెత్తిమీద వేసుకుని అలాగే నిలబడతాను. కలలోనూ అంతే. ఆ పిలుపు వస్తుంది. ఎటు పోవాలో నాకు తెలియదు. మెలకువ వస్తే చేతులు రెండూ ముందుకు చాచి ఉంటాయి, బిడ్డను అందుకోవడానికి.

ఆ బిడ్డకు ఇప్పుడు పిల్లలు. వాళ్లు నా ఒడిలో పడుకున్నప్పుడల్లా దేవుడికి దండం పెట్టుకుంటాను. ఆ దండంలో సగం ఎవరికో దేవుడికి తెలుసు. ఆయన పేరు నాకు తర్వాత తెలిసింది. ఇక్కడ రాయమంటారా అని ఆపాను అడిగాను. వద్దన్నది. వానికి పేరు అక్కర పడే చోటు దాటిపోయిండు అన్నది.

అందుకని పేరు లేకుండానే అడుగుతున్నాను. ఇది చదివినవారు ఏ దేవుడికి మొక్కేవారైనా సరే, మొక్కు అయ్యాక చేతులు దించేముందు, మా కంటపడకుండా ముఖం కప్పుకుని మా ఇంట్లోకి వచ్చిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.